పొలిమేర తాడు మీదుగా నాలుగో కట్టు

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. మా పిల్లి చిట్టెలుకను పట్టినా, నా నోటికి వచ్చేసరికి అది పందికొక్కు అయిపోతుంది. కాబట్టి ఇందులో కొలతలన్నీ సగానికి కోసుకుని చదువుకోండి. వైద్యం సంగతులు మాత్రం కోయకండి.

ఆరేళ్ల కిందట, మాఘమాసంలో, నరసన్నపేట దగ్గరి ఒక మిషన్ ఆసుపత్రి నన్ను కళింగపట్నం వైపు వారానికోసారి నడిచే క్లినిక్‌లో వేసింది. నా హోదా ప్లాస్టర్ టెక్నీషియన్, రెండో గ్రేడు. తాపీ మేస్త్రీకీ డాక్టరుకీ మధ్య ఎక్కడో బతికే ప్రాణి అనుకోండి. తర్వాత నడుం మొరాయించి, యాభై మూడేళ్లకే రిటైరయ్యాను. నా పై అధికారి ఇంగ్రిడ్ గారు, నార్వే నుంచి వచ్చిన మిషనరీ, ఫిజియోథెరపిస్టు. ఏడడుగుల మనిషి. ఆవిడ కూర్చున్న వైపుకి జీపు వంగి నడిచేది. తెలుగు బైబిల్లోంచి నేర్చుకున్నారేమో, టీ కావాలన్నా "నాకు కొంచెము తేనీరు దయచేయుము" అనేవారు.

మేము చూసేది ముఖ్యంగా పుట్టుకతో పాదం లోపలికి తిరిగిన పిల్లల్ని. పద్ధతి చిన్నదే. పాదాన్ని చేత్తో కొంచెం సరిచేసి, తొడ నుంచి వేళ్ల దాకా ప్లాస్టర్ కట్టు వేస్తాం. వారానికోసారి పాతది తీసి, ఇంకొంచెం సరిచేసి కొత్తది వేస్తాం. అయిదారు కట్లకు పాదం దారికొస్తుంది. తర్వాత మడమ వెనక బిగిసిన స్నాయువుకి చిన్న గాటు, ఆపైన కడ్డీతో కలిపిన బూట్లు. కట్టు కోసే రంపం చూస్తే పసిపిల్లలు ఊరు ఎగిరిపోయేలా ఏడుస్తారు కనుక, క్లినిక్ రోజు పొద్దున్నే కట్టును ఇంటి దగ్గరే నీళ్లలో నానబెట్టి విప్పుకు రమ్మనేవాళ్లం. తీసిన రోజే కొత్తది పడాలి. ఆలస్యమైతే లేత పాదం మళ్లీ వెనక్కి తిరుగుతుంది.

పైడమ్మ కొడుక్కి అప్పటికి రెండు నెలలు. సముద్రం ఒడ్డునే వాళ్ల పల్లె. మొగుడు గుజరాత్ బోటు మీద చేపల వేటలో ఉన్నాడు, ఫోనులో పిల్లాడి కాలు చూశాక మళ్లీ ఫోను చేయలేదు. అత్త ఎర్రమ్మ ఎండుచేపల వ్యాపారి. మేము మొదటిసారి ఇంటికి వెళ్లినప్పుడు కోడల్ని మా ముందే దులిపేసింది.

"గ్రహణం నాడు బయటికెల్లకే అంటే ఇన్నాదా? ఇప్పుడు సూడు, పిల్లడి కాలు ఎండిన సావిడాయి సేపనాగ మెలి తిరిగిపోనాది."

పైడమ్మ తలెత్తలేదు. అన్నం తిని ఎన్నాళ్లయిందో ముఖమే చెబుతోంది. ఇంగ్రిడ్ గారు ఆమె పక్కన నేల మీద చతికిలబడి, "ఇది నీ దోషము కాదు, తల్లీ. గ్రహణము పాదమును వంచదు" అన్నారు. తర్వాత కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. ఎర్రమ్మ అంతా విని తన షరతు చెప్పింది.

"నువ్వు మీ దేముడికి సెప్పు, నాను మా గంగమ్మకి సెప్తాను. ఎవులు ముందిన్నా మనకి పనైపోద్ది."

మూడు కట్లు సజావుగా పడ్డాయి. పాదం సగానికి పైగా తిరిగొచ్చింది. నాలుగో వారం, క్లినిక్ రోజున, పైడమ్మ ఫోను చేసింది.

"అన్నియ్యా, పొద్దున్నే కట్టు నానబెట్టి తీసీసినాం. ఇంతలోనే గంగమ్మ పండగని ఊరు కట్టీసినారు. తొమ్మిది రోజులు బయటికెల్లకూడదంట. నానేటి సెయ్యాల?"

ఊరు కట్టడమంటే, పొలిమేర దగ్గర రెండు తాటిచెట్ల మధ్య వేపమండల తాడు కడతారు. పండగ ముగిసేదాకా లోపలివాళ్లు బయట అడుగు పెట్టరు, బయటివాళ్లు లోపలికి రారు. పండగ తేదీ ఎప్పుడన్నది మేము అడగలేదు, వాళ్లు చెప్పలేదు. తొమ్మిది రోజులు ఖాళీగా ఉంటే మూడు కట్ల పని నీళ్లపాలే.

జీపు తీశాం. గుంతల్లో ఎగిరెగిరి, దారిలో సగం దూరం గాల్లోనే ప్రయాణం చేశాం. తాడుకు అవతల పదివేల మంది జనం, అంటే ఓ నలభై మంది. ముందు ఊరిపెద్ద అప్పన్న. ఆయన వెనక బిడ్డను పట్టుకుని పైడమ్మ, పక్కన ఎర్రమ్మ.

"ఏటనుకోకండి అమ్మగోరూ," అన్నాడు అప్పన్న. "మా తాతల నాటి కట్టుబాటు. ఇది తప్పితే రేపు వేటకెల్లినోల్లకి ఏటైనా అయితే ఊరంతా నన్నే తింతాది."

అది బెదిరింపు కాదు. ఆయన కొడుకులిద్దరూ వేటలోనే ఉన్నారు. ఇంగ్రిడ్ గారు వాదించలేదు. తాడుకు ఇవతల ఇసుకలో కూర్చుని, "నేను ఇక్కడనే ఉందును" అన్నారు. అప్పుడు నేను ముందుకొచ్చి గొప్ప న్యాయసూత్రం ఒకటి చెప్పాను. నేలకు ఆనని కాలు పొలిమేర దాటినట్టు లెక్కలోకి రాదని, బిడ్డ లోపలే ఉండి కాలొక్కటే తాడు మీదుగా గాల్లోకి చాపితే కట్టుబాటు చెడదని. అప్పన్న చాలాసేపు తల గోక్కున్నాడు. ఆఖరికి, "నేల తగిలితే మాత్రం ఊరుకోను" అన్నాడు.

నాలుగో కట్టు అలా పడింది. పైడమ్మ తాడుకు అవతల బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వేపమండల మీదుగా చిన్న కాలొకటి ఇవతలికి వచ్చింది. ఇంగ్రిడ్ గారు పాదాన్ని బొటనవేలితో నొక్కి సరిచేసి పట్టుకున్నారు. నేను దూది చుట్టి, తడి ప్లాస్టర్ పట్టీ దాని మీద చుట్టాను. అప్పన్న వంగి, కాలికీ నేలకీ మధ్య అరచెయ్యి పెట్టి కాపలా కాశాడు. వారం తర్వాత అయిదోది కూడా అక్కడే.

పిల్లాడిప్పుడు బడికి వెళుతున్నాడు. రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనుతాయి. మడమకు గాటు పెట్టిన వారం వాడి నాన్న గుజరాత్ నుంచి ఫోను చేసి, కాలు చూపించమని అడిగాడు. ఆ తర్వాత మా క్లినిక్ రిజిస్టరులో కొత్త గడి ఒకటి చేర్చాను, 'మీరు ఊరు దాటకూడని రోజులు ఏవి?' అని. మొదటి రోజే అడిగి రాసుకునేవాళ్లం. నేను రిటైరయ్యేదాకా ఆ గడి వల్ల ఇంకే కట్టూ తప్పలేదు.

ఇక ఇందులో నేను కల్పించినదేమిటో చెబుతాను. తాడు నిజం, తాడు మీద కాలు నిజం, అప్పన్న అరచెయ్యీ నిజం. అబద్ధమల్లా ఆ న్యాయసూత్రం నాదనడం. అప్పుడు నేను చేసింది ఒక్కటే. 'పండగయ్యాక వద్దాం, మళ్లీ మొదటి కట్టు నుంచి మొదలెడదాం' అని ఇంగ్రిడ్ గారికి చెప్పి, ప్లాస్టర్ పెట్టె జీపులో పెట్టేశాను. మాట్లాడింది ఎర్రమ్మ. కోడలి చేతిలోంచి మనవణ్ణి అందుకుని, ఊరిపెద్ద ముఖం మీదే అంది.

"ఒరే అప్పన్నా, ఈడి కాలు ఇంకా నేలే సూడనేదు. గాల్లో ఉన్న కాలికి పొలిమేరేట్రా? మనూరి గాలి రోజూ సముద్రం మీదికెల్తంది, దానికీ తప్పు ఏస్తావేటి?"

ఆ మాటకు నేను పెట్టె మళ్లీ దించాను.