ఖాళీ సిలిండర్ల బండి

చిన్నప్పటి నుంచి కట్టెలు మోసి అమ్మడంతోనే సరిపోయి బడి మొహం చూడలేదు. ఈ వయసులో మనవరాలు అక్షరాలు నేర్పాకే ఇది రాయగలిగాను.

మా ఆయన పురసవాక్కంలో ఇళ్లకు గ్యాస్ సిలిండర్లు వేసేవాడు. నిండుది ఇచ్చాకే ఖాళీది తీసుకోవడం ఆ పనిలో అలవాటు. అందుకే ఆ సాయంత్రం గోడౌనుకు పోతూ, బండి నిండా ఖాళీలతో వ్యాసర్పాడిలో మా గుమ్మం ముందు ఆగితే సంతోషించాను.

"ఈ పొద్దు బాగా పోయినట్టుందే," అన్నాను.

"ఒక్కటీ పోలేదే. నిండువన్నీ మధ్యాన్నమే గోడౌన్లో దించేసి, ఖాళీలకని మళ్లీ పోయినా. ఆడ అపార్ట్‌మెంట్లకంతా పైపు గ్యాస్ వచ్చేసింది, అదే చౌకంట. సిలిండర్లు వాపసు ఇచ్చేసినారు. ఇంక ఏజెన్సీవాళ్లు నన్ను వాపసు చేస్తారు," అని నవ్వాడు. కాఫీ ఇస్తే ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే నేను ఆ అపార్ట్‌మెంట్లకు వెళ్లి, ఒక ఇంట్లో వంటపని అడిగి చేరాను. కింద సిలిండర్ లేని పొయ్యి మీద వాళ్లకు పాలు కాచాను.