అక్క ఇంట్లో మాత్రం ఉపవాసం

నాకు సువార్త మొట్టమొదట తెచ్చింది ఆదోనిలో మా పక్క సందులో ఉండే అక్క. రక్తసంబంధం ఏమీ లేదు. జిన్నింగు మిల్లులో పత్తి పనికి పోయే మనిషి. నేను ఎమ్మిగనూరులో మగ్గం ఇంట్లో పుట్టాను. బడికి పంపలేదు, నాన్న మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పాడు. పెళ్లయి ఆదోనికి వచ్చిన కొత్తలో టైఫాయిడ్ వచ్చి మంచాన పడ్డాను. మా ఆయన ఆటో తోలడానికి పోతే ఇంట్లో గుక్కెడు నీళ్లిచ్చే దిక్కు లేదు. అక్క మిల్లు నుంచి నేరుగా వచ్చి, తలలో దూది నూగు కూడా దులుపుకోకుండా కొర్రజావ కాచి తాగించేది. తాగించి, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. యేసు ఎవరో నాకు అలా తెలిసింది. ఆ జావకు ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.

నేను బాప్తిస్మం తీసుకుంటానంటే మా ఆయన అడ్డు చెప్పలేదు. ఎమ్మిగనూరులో పుట్టింటివాళ్లు మాత్రం మాట్లాడటం మానేశారు. ఇక సంఘం తప్ప నాకు మనుషులు లేరు. జ్వరం వస్తే వచ్చేది వాళ్లే, రేపు చస్తే మోసేదీ వాళ్లే. అలాంటి వాళ్ల మీద కోపంతో ఇది రాస్తున్నాను.

మా సంఘంలో ఆడవాళ్లకు శుక్రవారం సాయంత్రం కూడిక. వారానికొకరి ఇంట్లో. పాటలు, వాక్యం, ప్రార్థన అయ్యాక ఆ ఇంటివాళ్లు టీ, ఏదో ఒక టిఫిను పెడతారు. నడిపించేది సంఘపెద్ద భార్య. అందరం ఆమెను అమ్మగారు అంటాం.

అక్క వంతు వచ్చిన శుక్రవారం ఆమె మిల్లు పని మానుకుని, బొరుగులు నానబెట్టి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసింది. ప్రార్థన ముగిసి ప్లేట్లు తెస్తుంటే అమ్మగారు లేచి, "ఈ పొద్దు ఉపవాస ప్రార్థన సిస్టర్. ప్రభువు నన్ను ప్రేరేపించినాడు" అంది. అందరూ కొంగులు సర్దుకుని లేచారు. నేను కూర్చుని తిన్నాను. ఉగ్గాని చాలా బాగుంది.

మళ్లీ అక్క వంతు వచ్చినప్పుడూ ప్రభువు ప్రేరేపించాడు. ఇంకే ఇంట్లోనూ ప్రేరేపించలేదు. కారణం అక్క కులం. ఒక్కరూ ఆ మాట పైకి అనలేదు. అంటే పాపమని తెలుసు, అందుకే దానికి భక్తి పేరు పెట్టుకున్నారు.

ఆ తర్వాతిసారి అక్క గిన్నె మూత తీయలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అమ్మగారూ, మా ఇంటికొచ్చే దినమే ప్రభువు మీకు ఉపవాసం ఉండమంటాడా?"

"ఏం మాటలే అవి? ప్రార్థనలో ఉండాం."

"పోయిన వారం ఆ మిద్దింట్లో అడిగి అడిగి బజ్జీలు పెట్టించుకొని తింటిరే. ఆ పొద్దు ప్రభువు యాడికి పోయినాడు, హాలహర్వి బస్సెక్కినాడా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మగారి ముఖం మాడిపోయింది.

"నోరు అదుపులో పెట్టుకో. సాతానుకు సందిచ్చినావు నువ్వు."

"సాతానైనా ఇంటికొస్తే రెండు బొరుగులు నోట్లో ఏసుకుంటాడమ్మా. పోండి బయటికి. అందరూ పోండి."

ఆ రోజు నుంచి అక్క కూడికకు రాలేదు, చర్చికీ రాలేదు. తర్వాతి ఆదివారం, కూడిక మానినవాళ్ల విశ్వాసం ఎలా చల్లారిపోతుందో ప్రసంగం జరిగింది. అమ్మగారు ముందు చాప మీద కూర్చుని తల ఊపుతూ విన్నది. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్క ఇంటికి పోయాను. ముఖం తిప్పుకుంది.

"ఎందుకొస్తివి? నువ్వూ వాళ్ల మనిషివే."

"నేను తింటిని కదక్కా."

"తింటివి. నువ్వొకతే తింటే సంఘమైతాదా? నా మీద జాలిపడేటోళ్లు నాకొద్దు. నేను పెట్టింది తిని, కారమెక్కువైందని నన్నే తిట్టే నలుగురు కావల్ల."

ప్రార్థన చేసుకుందామక్కా అన్నాను. "నువ్వు చేసుకో" అని బియ్యం చెరుగుతూ కూర్చుంది. నాకు భయం వేసింది. నాకు దేవుణ్ని చూపించిన మనిషి వీళ్ల మీద కోపంతో ఆ దేవుణ్నే వదిలేస్తుందా?

నా వంతు వచ్చిన శుక్రవారం నేను పొయ్యి వెలిగించలేదు. ప్రార్థన అయ్యాక అందరూ వంటింటి వైపు చూశారు.

"ఈ పొద్దు ఉపవాసం" అన్నాను. "మీరు అక్క ఇంట్లో తినేదాకా మా ఇంట్లో ఉపవాసమే."

"నిన్న గాక మొన్న బాప్తిస్మం తీసుకొని మాకు బుద్ధి సెప్తావా?" అంది అమ్మగారు.

"ఇంతవరకు ఎవురూ సెప్పలేదు కాబట్టి సెప్తాండాను."

ఆమె చెప్పులేసుకుని వెళ్లిపోయింది. చాలామంది ఆమె వెనకే పోయారు. ఒక ముసలవ్వ మాత్రం కదల్లేదు.

"నాకు షుగరుండాది. మీ ఉపవాసాలు నావల్ల కావు. పాండి, ఆ యమ్మ ఇంటికే పోదాం, ఆకలైతాంది" అంది. ఇంకో ఇద్దరు మొహమాటపడుతూ లేచారు.

అక్క తలుపు తీసి మా వెనక సందులోకి చూసింది.

"అమ్మగారు రాలేదా?"

"రాలేదక్కా."

"అవ్వా, నువ్వు కూర్చో. బొరుగులు కలిపిస్తా. మీరూ తినండి, వద్దనను. కానీ నన్ను కూడికకు పిలవాకండి. ఆ యమ్మ ఈడ కూర్చొని తినల్ల. తినిన దినం నేనే వస్తా."

తిన్నాము. అవ్వ మళ్లీ అడిగి పెట్టించుకుంది. అక్క నవ్వలేదు.

ఆమె ఇంకా రాలేదు. అమ్మగారే ఇంకా కూడిక నడిపిస్తోంది. నేనూ పోతున్నాను, పోకపోతే నాకెవరున్నారు? అక్క కోసం మోకరిస్తే మాటలు వాటంతటవే వస్తాయి. అమ్మగారి కోసం మోకరిస్తే నోట తిట్లే వస్తున్నాయి. అక్క తిరిగి రావడం మాత్రం అమ్మగారి చేతిలోనే ఉంది. అందుకని ఇది చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను, మీ ప్రార్థనలో మా అమ్మగారిని జ్ఞాపకం చేసుకోండి. నావల్ల కావడం లేదు.