అత్త మోసిన చర్చి

టాటానగర్‌లో మా బర్మామైన్స్ సందు చివర ఉన్న ఆ చిన్న చర్చి అంటే నాకు ఒళ్ళుమంట. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్నెవరూ పుణ్యాత్మురాలని పొగడకుండా. నేను కోడలిగా వచ్చిన నాటినుంచీ వాళ్ళ పెరటి నీళ్ళు మా గుమ్మంలోకే. మా ఆయన టాటానగర్ స్టేషన్లో రాత్రి డ్యూటీ చేసొచ్చి కునుకు తీసే వేళకి వాళ్ళ మైకు మొదలు. ఎన్నిసార్లు గేటు దగ్గర నిలబడి నోరు పారేసుకున్నానో! పాస్టరుగారు నవ్వి, "మీకోసం ప్రార్థన చేస్తామమ్మా" అనేవాడు. ఆ నవ్వు చూస్తే ఇంకా మండేది.

నిరుడు మా తెలుగు కమిటీ పెద్దలే ఆ స్థలం ఖాళీ చేయించాలని భూముల ఆఫీసులో అర్జీ పెట్టారు. చర్చి మొన్నమొన్న ఆక్రమించి కట్టిందని రాశారు. అది పోతే అక్కడ మండపం, రోడ్డు వైపు కొట్లు. మూల కొట్టు మా అబ్బాయికి ఇస్తామన్నారు. కాంట్రాక్టు పని పోయి వాడు ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. మొబైల్ రిపేరు కొట్టు పెడతానని అప్పుడే బోర్డుకి ఏ రంగు వెయ్యాలో కూడా అనుకున్నాడు.

కమిటీ పెద్ద మా ఇంటికొచ్చి కూర్చున్నాడు.

"వదినా, సందులో పాత మనిషివి నువ్వే. రేపు ఆపీసాయన కొలతలకి వత్తన్నాడు. నాను వచ్చీసరికి ఇక్కడేటీ నేదు, కాళీ జాగా అని సెప్పు. అంతే."

"అదెంత పని బాబూ," అన్నాను. సంతోషంగానే అన్నాను. ఇన్నేళ్ళకి ఆ చర్చివాళ్ళు దొరికారు కదా!

మర్నాడు ఆఫీసాయన మనుషులు టేపు పట్టుకుని గోడ కొలుస్తున్నారు. కమిటీ పెద్ద ఆ గోడని చెప్పుకాలితో తన్ని, "ఏ తో కల్ కా హై సాబ్," అన్నాడు. నిన్నటిదట!

నాకు మా అత్త కళ్ళముందు కనబడింది. ఇక్కడ ఇటుకలు మోసే ఆడకూలీని రేజా అంటారు. మా అత్త పడుచుతనంలో ఆ చర్చి కట్టినప్పుడు రేజా. కడుపుతో ఉండి కూడా మోసిందట. ప్రారంభం రోజున దొరలూ రైల్వే బాబులూ లోపల కూర్చుంటే, మోసినవాళ్ళని కంచె బయట నిలబెట్టి తలా గుప్పెడు మరమరాలు పంచారట. బతికున్నన్నాళ్ళూ ఆ గేటు దాటినప్పుడల్లా ఆవిడ తుపుక్కున ఉమ్మేది. నడినెత్తిన ఆవిడకి జుట్టుండేది కాదు. నూనె రాసేది నేనే.

"నిన్నటిదేటి?" అని అరిచాను. "ఈ ఇటకలు మోసి మాయత్త నెత్తి బోడయిపోనాది! నాను కోడలిగా రాకముందుది, నువ్వు పుట్టకముందుదిరా ఇది! తన్నకు!"

ఆఫీసాయనకి అర్థమవ్వాలని హిందీలో ఇంకోసారి అరిచాను. అర్జీదారుల సాక్షే ఎదురు తిరిగాక ఇంకేముంది? టేపు చుట్టేసి వెళ్ళిపోయారు. చర్చి నిలిచింది.

సాయంత్రం పాస్టరుగారి భార్య కేకు పట్టుకొచ్చింది. "నీకోసం సెప్పనేదు, ఎల్లు," అని మొహం మీదే తలుపేశాను. మా కమిటీవాళ్ళు మాత్రం ఊరుకుంటారా? ఎదురుపడితే పలకరింపు మానేశారు. పోనీ, నాకేం!

మావాడు ఆ రాత్రి అరవలేదు. కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ, నేను తెలుగులో ఏమడిగినా హిందీలోనే జవాబు చెప్పే అలవాటు కదా, తల ఎత్తకుండా అలాగే అన్నాడు: "దాదీ కే లియే తో లడ్ లీ అమ్మా. మేరే లియే కబ్ లడేగీ?"

నానమ్మ కోసం పోట్లాడావు, నాకోసం ఎప్పుడు పోట్లాడతావని. సందంతా దద్దరిల్లేలా అరిచినదాన్ని, వాడు కెలికిన కంచంలోకే ఇంకో గరిటె కూర వేశాను.