నాలుక కింద నేను పెట్టిన మాత్ర

పత్తి చేలో పురుగుమందు కొడుతున్న మా ఆయన ట్యాంకు దించి గట్టు మీద కూలబడిన రోజే నాకు తేడాగా అనిపించింది. ఎండ అన్నారు, గ్యాస్ అన్నారు, సోడా తాగారు. ఎడమ దవడ లాగుతోందని మాత్రం సాయంత్రం దాకా చెప్పలేదు. ఆయనతో వచ్చిన చిక్కే అది. పత్తికి పచ్చదోమ పడితే ఊరందరికీ చెబుతారు, తనకేమైనా అయితే పెదవి విప్పరు.

మాది వినుకొండ పక్కన పల్లె. గుంటూరు తీసుకెళ్తే ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ చేసి యాంజైనా, అంటే గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి అన్నారు. రోజూ వాడే మాత్రల్లో ఒకటి రక్తనాళాల్ని వదులుచేసే నైట్రేట్. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోవడానికి ఇంకో చిన్న మాత్ర రాశారు. "ఇది మీ దగ్గర ఉంచండమ్మా, ఆయన మర్చిపోతారు" అని డాక్టరుగారు ఆ సీసా నా చేతికిచ్చారు. అది కూడా నైట్రేటేనని నాకు అప్పుడు తెలియదు.

ఇంటికొచ్చాక ఆయన మంచం వసారాలోకి మారింది. గుండెకు శ్రమేమోనని భయపడి నేనేమీ అనలేదు. ఆయనా అనలేదు. మగతనం పోయిందని ఆయన లోలోపల కుమిలిపోతున్నారని నాకు తట్టనే లేదు.

ఆ రోజు మిరపకాయలు కల్లంలో ఆరుతున్నాయి. మధ్యాహ్నం భోజనం చేసి ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. ఆయన ఎన్నడూ లేనిది నాతో పరాచికాలాడారు. ఇంతలో మబ్బు కమ్మింది. కాయ తడిస్తే ఏడాది కష్టం పోయినట్టే. ఇద్దరం పరిగెత్తి పట్టాలు లాగడం మొదలుపెట్టాం. సగం కప్పేసరికి ఆయన రొమ్ము పట్టుకున్నారు. ఆయన ఏదో అనబోతుండగానే నేను సీసా తీసి మాత్ర నాలుక కింద పెట్టి, తగ్గుతుందని ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను. ముఖం పాలిపోయింది. చెమటలు కారిపోయాయి. కళ్ళు తేలేసి మిరపకాయల మీదే ఒరిగిపోయారు. ఆ ముఖం నన్ను ఈనాటికీ వదల్లేదు.

పక్క కల్లం వాళ్ళ జీపులో నరసరావుపేట ఆసుపత్రికి చేర్చాం. బీపీ అందడం లేదన్నారు. కాళ్ళు ఎత్తిపెట్టి సెలైన్లు ఎక్కించాక కళ్ళు తెరిచారు కానీ నొప్పి పోలేదు. ఈలోగా మా మామగారు, బావగారు, నా తమ్ముడు మంచం చుట్టూ చేరారు. ఇంకేమైనా మాత్రలు వాడారా అని డాక్టరు అడిగితే, ఆయన బదులు బావగారే ఏమీ లేవని చెప్పేశారు. బీపీ నిలబడగానే నైట్రేట్ రకమే అయిన నైట్రోగ్లిజరిన్ డ్రిప్ పెట్టాలని డాక్టరు నర్సుకు చెప్పారు.

"అది గుండె మందేనా అండీ?" అని మా ఆయన అడిగారు.

"అవును."

"అయితే వద్దండి."

డాక్టరు చెప్పినట్టు వినమని బావగారు గదమాయించారు. ఎందుకు వద్దో ఆయన చెప్పరు. చావుకైనా సిద్ధపడ్డారు కానీ తండ్రి ఎదుట ఆ మాట చెప్పడానికి సిద్ధపడలేదు. డాక్టరు ఆయన ముఖం చూసి మా అందరినీ బయటికి పంపేశారు.

తర్వాత నన్నొక్కదాన్నే పిలిచి చెప్పారు. ఆయన మందుల షాపులో అడిగి, మగతనానికి వాడే సిల్డెనాఫిల్ మాత్ర కొనుక్కున్నారట. గుండె మందులతో కలపొద్దని షాపువాళ్ళు చెప్పారట. ఈయన కలపలేదు. పత్తికి కొట్టే మందులు కొన్ని ఒకే ట్యాంకులో కలిపితే విరిగిపోతాయి. అందుకే ఒకటి కొట్టాక ట్యాంకు కడిగి, ఎడం ఇచ్చి రెండోది కొడతారు. ఈయనా అలాగే ముందు రోజు నుంచి గుండె మాత్రలు ఆపి, ఎంతో జాగ్రత్తపడ్డాననుకుని ఆ మాత్ర వేసుకున్నారు. మాత్రలు ఆపినందుకు నొప్పి వచ్చింది. ఆ నొప్పికి నేను నైట్రేట్ పెట్టాను.

"రెండూ కలిస్తే బీపీ పాతాళానికి పోతుందమ్మా. మీ తప్పేం లేదు, మీకు తెలియదుగా" అన్నారు డాక్టరు. తెలియదు నిజమే. పెట్టింది మాత్రం నా వేళ్ళే.

గుంటూరులో యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ వేశారు. కోలుకుంటున్నారనుకునేసరికి మళ్ళీ ఒకసారి నొప్పి వచ్చింది. మాత్ర చేతిలో పెట్టుకుని నేను కదల్లేకపోయాను.

"ఏమైనా వేసుకున్నారా?"

"లేదు."

నమ్మకం కుదరలేదు. ఆయన నొప్పితో మెలికలు తిరుగుతుంటే అలాగే నిలబడ్డాను. "నీ మీద ఒట్టే, ఏం వేసుకోలేదు" అన్నాక పెట్టాను. తగ్గేదాకా ఆయన చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు ఆయన మందు కొట్టడం మానేసి నీళ్ళు కట్టే పని మాత్రం చూసుకుంటున్నారు. మంచం లోపలికి వచ్చేసింది. నేను మాత్రం ఆయన భోజనం చేసి నడుం వాల్చినా ఊపిరి చూసుకుంటూ ఉంటాను.

మీకు నేను చెప్పేది ఒక్కటే. గుండె మాత్రలు రాసిన రోజే, చుట్టాల్ని బయటికి పంపి, ఆ సంగతి డాక్టరును అడగండి. భర్త అడగలేకపోతే భార్య అడగాలి. స్టెంట్ తర్వాత చెకప్‌లో నేనే అడిగాను, మేం కాపురం చెయ్యొచ్చా అని. మా ఆయన తల దించుకున్నారు. డాక్టరు నవ్వలేదు. నొప్పి రాకుండా మెట్లు ఎక్కగలుగుతున్నారు కాబట్టి చెయ్యొచ్చన్నారు. నైట్రేట్ దగ్గరున్నంతకాలం ఆ రకం మాత్రల జోలికి పోవద్దనీ, ఇబ్బంది ఉంటే తనకే చెప్పమనీ అన్నారు.

బస్సెక్కాక మా ఆయన అన్నారు, "ఇంతేనా?"

ఇంతే. ఆ కాస్త మాట అడగలేకే నా చేతుల్లో పోబోయారు.