గుర్రం మీద కూర్చున్నట్టు

గోల్ఫ్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల చేతికి నేను వెంటనే కర్ర ఇవ్వను. ముందు ఆ కంచె దాకా నడిచి రమ్మంటాను. పెద్ద పెద్ద అధికార్లు కూడా విసుక్కుంటూనే నడిచి వస్తారు. ఏ కాలి మీద బరువు వేస్తున్నారో, మెడ ఎటు వాలుతుందో చూశాకనే నోరు విప్పుతాను. పట్నంలో ఒక క్లబ్బులో ఈ పనితోనే బతుకుతున్నాను. మా ఇంట్లో పుట్టినవాళ్లెవరూ అంతకుముందు జీతానికి పనిచేయలేదు.

మా ఊరు దేవరకొండకు ఒక పూట నడక. దొరల మీద తిరగబడ్డ సంఘం బలపడ్డాక మేము కోటలాంటి మా గడి విడిచి పట్నం పోయాము. పోలీసు చర్య తర్వాత అందులో మిలిటరీ క్యాంపు దిగింది. బాపు నన్ను పంపించాడు. "మనోడు ఒక్కడన్న ఆడ ఉండాలె. లేకుంటె గోడలు గూడ మిగలయి" అన్నాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. క్యాంపు కెప్టెన్ మా గడిలోనే గుర్రాల కొట్టం పక్కనున్న గది నాకు ఇచ్చాడు. కొట్టంలో గుర్రాలు లేవు.

ఊళ్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. తిట్టలేదు, అడ్డగించలేదు. ఒకప్పుడు మమ్మల్ని చూసి లేచి నిలబడే ఆడవాళ్లు, నేను ముందు నుంచి పోతుంటే తలెత్తకుండా జొన్నలు చెరుగుతూనే ఉండేవారు. మంగలికి కబురు పెడితే రాలేదు. గడ్డం నేనే గీసుకోవడం నేర్చుకున్నాను, రెండుసార్లు కోసుకున్నాను. అన్నం పెట్టే క్యాంపు వంటవాడి భాష నాకు రాదు. ఒక్కోరోజు పొద్దు గూకేదాకా నా గొంతు నాకే వినపడేది కాదు.

కెప్టెన్‌కు గోల్ఫ్ పిచ్చి. మా ఎర్ర చెలక భూముల్లో బంతి పడేందుకు నాలుగు గుంటలు తవ్వించాడు. గుంట చుట్టూ పచ్చగడ్డి ఉండాలట. ఆ నేలలో పచ్చగడ్డి ఎక్కడిది? ఇసుక పోయించి, దుమ్ము లేవకుండా వాడేసిన మోటారు నూనె చల్లించాడు. ఒక సాయంత్రం నన్ను పిలిచి, ఆటకు ముగ్గురమే ఉన్నాం, నాలుగోవాడిగా వస్తావా అని ఉర్దూలో అడిగాడు. వెళ్లాను. ఆ గంటసేపు ఎవరో ఒకరు నాతో మాట్లాడతారు కదా అని వెళ్లాను.

బంతి మాత్రం కదలలేదు. కదిలితే తుమ్మపొదల్లో పడేది. కెప్టెన్ దగ్గర ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది. అందులో ఒక పొడుగాటి తెల్లవాడు నడుము దగ్గర వంగి, తల దించి, ఒళ్లంతా తాడులా మెలితిప్పి కొట్టే బొమ్మలు. కెప్టెన్ నన్నూ అలాగే నిలబెట్టాడు. "వంగు. ఇంకా వంగు. తల పైకెత్తకు." ఐదేళ్లప్పుడే నా వీపుకు వెదురుబద్ద కట్టి గుర్రం ఎక్కించారు మావాళ్లు. వంగడం మా ఇంట్లో చూసిన పనేగాని చేసిన పని కాదు. నేను వంగితే మోకాళ్లు బిగుసుకుపోయేవి, కర్ర మట్టిని తవ్వేది.

మూడో వారం కెప్టెన్ మర్యాదగానే చెప్పాడు. "ఆదివారం దాకా చూద్దాం. దేవరకొండలో ఒక డాక్టరున్నాడు, ఆయనకు ఆట వచ్చు." ఆ గంట కూడా పోతే నాకు ఇక మిగిలేది ఆ గది ఒక్కటే.

మర్నాడు పొద్దున్నే ఒక్కణ్నే చెలకలోకి పోయి కొట్టడం మొదలుపెట్టాను. ఇసుక చదును చేసి నూనె చల్లే మనిషి అక్కడే ఉన్నాడు. ఒకప్పుడు మాకు వెట్టి చేసినవాడు. బాపు గుర్రం వెనక నీళ్లచెంబు పట్టుకుని పరిగెత్తేవాడు. ఇప్పుడు క్యాంపు అతన్ని కూలికి పెట్టుకుంది.

"గట్ల రాదు" అన్నాడు.

నేను వచ్చాక ఊరి మనిషి నాతో అన్న మొదటి మాట అది.

"నీకేమెరుక ఈ ఆట?" అన్నాను.

"ఆట నాకేడ ఎరుక? నీ వీపు ఎరుక. మీ బాపు వీపు జూస్కుంట పదేండ్లు ఉరికిన. నీది గూడ గదే, గుంజ పాతినట్టు." నవ్వాడు. "గొడ్డలికి కామ జేస్తె పట్టెటోని చెయ్యి కొల్చి జేస్త. నాది నా తమ్ముడు పడితె అరచేతులు పొక్కుతయి. గా బుక్కు ఎవని నడుము కొల్చి రాసిండ్రో!"

అతను నన్ను 'మీరు' అనలేదు. నేను పట్టించుకోనట్టు బంతి సర్దుకున్నాను.

"కింద గుర్రం ఉన్నదనుకో. ఎక్కి కూసున్నట్టు నిలబడు. మోకాళ్లు వంచు, నడుము జోలికి పోకు. జర దగ్గరికి రా. కర్ర పై కొసకు పట్టు."

మోకాళ్లు వాటంతట అవే విచ్చుకున్నాయి. అతను వెనక నుంచి వచ్చి, నూనె చేతులు నా భుజాల మీద వేసి మెల్లగా తిప్పాడు. వాళ్ల కులం మనిషి మమ్మల్ని తాకడం అంతకుముందు ఎరగను. నా ఒళ్లు బిగిసింది. అతను చేతులు తీయలేదు.

"పామును గొట్టినట్టు అంత పైకి లేపకు. సగం లేపు, సాలు."

బంతి తుమ్మపొదలు దాటి ఇసుక అంచున పడింది. "సూడు!" అని అరిచాడు, తనే కొట్టినట్టు.

అలా నాలుగు పొద్దులు గడిచాయి. మా పాత గుర్రాల్లో కరిచేది ఏదో, బెదిరేది ఏదో చెప్పేవాడు. బాపు ఒకసారి వాగులో బోర్లా పడ్డాడట. "ఎవ్వనికన్న జెప్తె తోలు తీస్త అన్నడు. జెప్పలే. ఇయ్యాల నీకు జెప్తున్న." ఊరికి తిరిగొచ్చాక నేను నవ్వింది అప్పుడే.

ఆదివారం నా మొదటి దెబ్బకే కెప్టెన్ ఆశ్చర్యపోయాడు. "ఇది మా పుస్తకంలో లేదే! ఎవరు నేర్పారు?"

పది అడుగుల దూరంలో అతను ఇసుక చదును చేస్తున్నాడు. ఆ మాత్రం ఉర్దూ అతనికి తెలుసు. తలెత్తి నా వైపు చూశాడు.

"ఎవరూ నేర్పలేదు. నాకు నేనే పట్టుకున్నాను" అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. నోట్లోంచి ఊడిపడింది. అతను తల దించుకుని ఇసుక లాగుతూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున మళ్లీ పోయాను. "బంతి పక్కకు పోతాంది. ఎందుకంటవు?" అని అడిగాను. అతను పని ఆపి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, ఒకప్పుడు మా ముందు నిలబడినట్టే నిలబడ్డాడు.

"నాకేమెరుక దొరా. మీకు మీరే నేర్చుకుంటిరి గద."

కెప్టెన్‌కు నిజం చెప్తానని అప్పుడైనా అనవలసింది. అనలేదు. ఆటలో నా చోటు నిలిచింది. కెప్టెన్ గాలివాటం గురించి, తన ఊరి మామిడిపళ్ల గురించి మాట్లాడేవాడు, నేను వినేవాణ్ని. క్యాంపు ఎత్తేసినప్పుడు ఒక పాత కర్ర, నాలుగు బంతులు నాకు ఇచ్చి పోయాడు. ఆ బంతులను ఒక్కణ్నే కొట్టి, ఒక్కణ్నే పొదల్లో వెతుక్కునేవాణ్ని. నూనె ఎండిపోయి, ఇసుక గాలికి లేచిపోయేది.

ఇప్పుడు క్లబ్బులో ఎవరైనా మీకు నేర్పిందెవరని అడిగితే, మా ఊరి మనిషి ఒకాయన అని చెప్తాను. ఆయన పేరేమిటని అడుగుతారు. మేము ఆయనను "ఒరేయ్" అని పిలిచేవాళ్లం. ఆ నాలుగు పొద్దుల్లో కూడా నేను పేరు అడగలేదు.