సగం చుక్క

గడియారాలు బాగుచేసే ఆయన్ని వీధంతా మేస్త్రి అనే పిలుస్తుంది. ముప్పై ఏళ్లుగా ఆయనది ఒకటే సూత్రం: నూనె ఎక్కువైతే గడియారం చస్తుంది. సూది మొనతో రవ్వంత తాకించి, మిగిలింది తుడిచేస్తాడు. ఆ సూత్రాన్నే తన కంటికీ వాడాడు. అంత తెలివితక్కువ పని అంత పనిమంతుడికే చేతనవుతుంది.

గ్లాకోమా అని చెప్పి డాక్టరమ్మ రోజూ ఎడమ కంట్లో ఒక చుక్క వేసుకోమంది. వారం తిరక్కుండానే కన్ను ఎర్రబడింది. మేస్త్రి ఊరుకుంటాడా? కుడికంటికి భూతద్దం తగిలించుకుని, అద్దంలో ఎడమ కన్ను చూసుకున్నాడు. ఎర్రటి నరాలు ఉబ్బి కనిపించాయి. మందు ఎక్కువై రక్తమంతా కంట్లోకి తోడేస్తోంది, ఇంకాస్తయితే కన్నే పగిలిపోతుంది అనుకున్నాడు. ఆ రోజు నుంచి చుక్క పడీపడగానే దూదితో అద్దేసేవాడు. అదీ రోజు విడిచి రోజు. భార్యకు కూడా చెప్పలేదు.

ఎరుపు తగ్గింది. మేస్త్రి మీసం మెలేశాడు.

నాలుగు నెలలకు ఎడమ మోచేయి తగిలి టీ గ్లాసు దొర్లింది. మర్నాడు మళ్లీ దొర్లింది.

"పక్కనే పెడితే తోసేస్తారేంటండీ? కళ్లు నెత్తికెక్కాయా?" అంది భార్య.

ఆయన కుడికన్ను మూసి చూశాడు. గ్లాసు లేదు. తల తిప్పితే ఉంది.

"ఎరుపు చూసి జడిశారా?" అంది డాక్టరమ్మ, పరీక్షలన్నీ చేసి, దూది సంగతి భార్య ముందే ఆయన చేత చెప్పించి. "ఈ మందుకి పైనున్న సన్న రక్తనాళాలు కాస్త వెడల్పవుతాయి, అంతే. అసలు భయం లోపలుంది. కంట్లో ఒత్తిడి పెరిగితే నరం నలిగిపోతుంది, దానికి రక్తం కూడా సరిగ్గా అందదు. ఆ ఒత్తిడి తగ్గించే మందునే మీరు తుడిచేశారు."

"పోయిన చూపు తిరిగొస్తుందామ్మా?"

"రాదు. ఉన్నది కాపాడుకుందాం."

ఆగిపోయిన ప్రతిదాన్నీ నడిపించిన మనిషికి ఆ మాట మింగుడుపడలేదు. ఇంటికొచ్చేదాకా భార్య చెయ్యి పట్టుకునే నడిచాడు.

సాయంత్రం సీసా తీసి, వెంట్రుకంత స్ప్రింగును కదలకుండా పట్టే మనిషే దాన్ని భార్య చేతిలో పెట్టాడు. "నువ్వే వెయ్యి," అన్నాడు. చుక్క పడింది. అలవాటున చెయ్యి దూది కోసం పోతే భార్య పట్టుకుని ఆపింది.

"ఎర్రబడితే పడనీండి. కళ్లు తెరవండి, నేనిక్కడే ఉన్నాగా."

తెరిచాడు. గొంతు ఎడమ పక్కనుంచే వచ్చింది, వేళ్లు ఆయన చేతి మీదే ఉన్నాయి. మనిషి మాత్రం కనిపించలేదు.

"కాస్త ఇటు రా," అన్నాడు మేస్త్రి.