ఆదికి ఇచ్చిన చొక్కా

మా అక్కని వాళ్ల వీధిలో అందరూ టేపక్క అంటారు. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టడంలో ఆమెది ముప్పై ఏళ్ల అనుభవం. పనితనానికి వంక పెట్టలేం గానీ, నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు.

బడి తెరిచే ముందు పదిహేను రోజులు ఆమె కుట్టు కొట్టులో కాలు పెట్టే చోటుండదు. ఇరుకు గది, రెండు కుట్టుమిషన్లు, గోడవారగా గుడ్డలు కత్తిరించే బల్ల. గుమ్మం దగ్గర అక్క నిలబడి పిల్లల్ని కొలుస్తుంది. బల్ల దగ్గర కూర్చుని మా బావ పుస్తకంలో రాసుకుంటాడు. మిషన్ల చప్పుడులో ఆయనకు వినపడాలని అక్క కొలతల్ని అరిచి చెబుతుంది. అరుపు వెంట ఒక ఎకసెక్కం కూడా ఉంటుంది. "నడుం ముప్పై నాలుగు! ఒరేయ్, నీకు బెల్టు కాదురా, మోకు కావాలి!" వరసలో నిలబడ్డ తల్లులంతా పకపకా నవ్వేవారు. అందులో నేనూ ఒకదాన్ని.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే అక్కకి అన్యాయం చేసినదాన్నవుతాను. పెద్దవడమంటే ఏమిటో నాకు చెప్పింది ఆమే. మా అమ్మ ఆ ఊసే ఎత్తేది కాదు. నాకు పన్నెండేళ్లప్పుడు గౌను మీద మరక చూసుకుని, చచ్చిపోతున్నాననుకుని స్నానాలగదిలో ఏడుస్తుంటే అక్క తలుపు తోసుకుని వచ్చింది. "చావవే పిచ్చిమొహమా, పెద్దవుతున్నావు, అంతే" అని నా పక్కనే తడినేల మీద చతికిలబడి అన్నీ విడమరిచి చెప్పింది. ఆ రోజు నాకు కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు.

అదే పని నా కూతురికి నేను చేయలేదు. దాని వేళ వచ్చినప్పుడు బీరువా పై అరలో ఒక ప్యాకెట్టు పెట్టి, వేలితో చూపించి, వంటింట్లోకి వెళ్లిపోయాను. బళ్లో చెబుతారులే అనుకున్నాను. పుస్తకాల్లో ఉంటుందిలే అనుకున్నాను. ఏమైతేనేం, తప్పించుకున్నాను.

మా అమ్మాయికి పదమూడేళ్లు. పరుగులో దాన్ని మించినవాళ్లు లేక బడంతా దాన్ని రైలు అని పిలిచేది. చుట్టుపక్కల బళ్లన్నీ కలిసి పెట్టే పోటీల్లో రెండేళ్లు వరసగా అదే మొదటిది.

కిందటి వేసవి చివర కొలతలకి తీసుకెళ్లాను. వెనక వరసలో దాని తరగతి మగపిల్లలు నలుగురు ఉన్నారు. అక్క టేపు చుట్టి, "ఛాతీ ముప్పై!" అని అరిచింది. "ఏమండీ, పోయినేడు ఎంత?"

బావ పేజీలు తిప్పి, "ఇరవై ఆరు" అన్నాడు.

"అమ్మో, ఏడాదికి నాలుగంగుళాలా! ఏం పెడుతున్నావే చెల్లీ పిల్లకి? ఈ లెక్కన వచ్చే ఏడు గుడ్డ ముక్క చాలదు, తానుకు తానే తేవాలి!"

కొట్టంతా నవ్వింది. అలవాటు చొప్పున నేనూ నవ్వాను. అది మాత్రం చేతులు రెండూ ముందుకు కట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత పుస్తకాల సంచి భుజాన వేసుకోవడం మానేసి గుండెలకు హత్తుకుని నడవడం మొదలుపెట్టింది. మైదానానికి వెళ్లమంటే కాలు నొప్పి అనేది. డాక్టరు చూసి కాలు దివ్యంగా ఉందన్నాడు. "బద్ధకం తలకెక్కింది" అని నేను తిట్టాను. ఒక్కసారి కాదు, నెలల తరబడి తిట్టాను. ఈ ఏడు పోటీలకి అది పేరే ఇవ్వలేదు.

పోటీలు అయిన వారానికి దానికి ఇంకో జత కుట్టించాల్సి వచ్చింది. రమ్మంటే రానంది. ఒక సంచి నా చేతికిచ్చి, "ఇది ఆదికి ఇవ్వు. దీని కొలతకే కుట్టమను" అంది.

అక్క సంచిలోంచి తీసి బల్ల మీద పరిచింది. అది దాని అన్న, మా పెద్దాడి చొక్కా.

"ఇదేంటే? ఇందులో ఇద్దరు రైళ్లు పడతారు" అని నవ్వబోయి ఆగింది. అమ్మాయి సంచిని గుండెలకు ఎందుకు హత్తుకుంటోందో అప్పుడు తట్టి నా ఒళ్లు మండిపోయింది. "నీ నోటి చలవే అక్కా! అందరిలో దాని కొలత అరిచావు" అన్నాను.

"నేనేమన్నానే? అందరినీ అన్నట్టే అన్నాను" అని ఎగిరి, వెళ్లి మిషను తొక్కడం మొదలుపెట్టింది. కాసేపటికి మిషను ఆపింది. గోడకున్న కొక్కేలకేసి చూసింది. వాటికి వేలాడేవన్నీ కొలత కోసం ఇళ్ల నుంచి పంపిన ఆది బట్టలే.

"పన్నెండు దాటాక ఆడపిల్లలెవరూ రారే ఇక్కడికి. ఆది పంపిస్తారు. నా పనితనం మీద నమ్మకం అని మురిసిపోయాను. నా నోటికి జడిసి అని ఏనాడూ తట్టలేదు." ఆ మాట అంటూ కొంగుతో మొహం కప్పుకుంది. ముప్పై ఏళ్లలో ఎంతమందో అని లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టి, పెట్టలేక ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే కొట్టులో పరదా కట్టించి, అటునుంచి అటే మా ఇంటికి వచ్చింది. అమ్మాయిని గదిలో కూర్చోబెట్టి టేపు దాని చేతిలో పెట్టింది. "తప్పు చేశానే తల్లీ. ఇక నుంచి నేను కొలవను, అరవను. నువ్వే కొలుచుకుని కాగితం మీద రాసివ్వు. కుట్టేశాక ఆ కాగితం చింపేస్తాను."

అది టేపును వేలికి చుట్టింది, విప్పింది. తర్వాత తలెత్తి నన్ను అడిగింది.

"అమ్మా, నాలుగంగుళాలు పెరిగితే జబ్బా?"

అక్క లేచి గది తలుపు దగ్గరగా వేసింది.

"పరుగెత్తితే ఇంకా పెరుగుతుందని క్లాసులో మగపిల్లలు అన్నారు. అందుకే మానేశా."

"జబ్బేం కాదమ్మా" అన్నాను. "ఈ వయసులో ఎదుగుదల ఒకరికి ఒక్కసారిగా వస్తుంది, ఒకరికి మెల్లగా వస్తుంది. పరుగుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. పరుగెత్తేటప్పుడు ఇబ్బందిగా ఉంటే లోపల సరిపడే బనీను వేసుకుంటే సరి."

చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు.

"ఇంతేనా?"

"ఇంతే."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "నాకు సిగ్గేసిందమ్మా" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. "నీకెందుకమ్మా సిగ్గు? అందరిలో అరిచింది నా కొలత కదా."